ఆ ఇంట్లో పొయ్యి ఆరకుండా

మర్పల్లి చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికైనా పెద్ద రోగం వచ్చిందని తెలిస్తే మొదటి వారం ఆ ఇంటి గడప ముందు చెప్పులు విడిచే జాగా ఉండదు. యాపిల్ పండ్లు వస్తాయి, బ్రెడ్డు ప్యాకెట్లు వస్తాయి, కొబ్బరి బోండాలు వస్తాయి. చేతిలో ఐదొందలో వెయ్యో పెట్టి "ధైర్యంగ ఉండు తమ్మీ, ఏం కాదు" అని భుజం తట్టి పోయేవాళ్లు వస్తారు. వీళ్లెవరినీ తప్పుపట్టడానికి లేదు. అంతమంది రావడమే ఆ ఇంటికి ఒక బలం. కాని క్యాన్సరైనా, కిడ్నీల జబ్బయినా, పక్షవాతమైనా వారంలో తేలే వ్యవహారం కాదు. మూడో నెలకు ఆ ఇంట్లో మందుల కవర్లు పెరుగుతాయి, పలకరింపులు తగ్గుతాయి. పత్తిచేన్లో గడ్డి మొలుస్తుంది. అప్పిచ్చినాయన మొదటిసారి వాకిట్లోకి వస్తాడు. ఆలుమగలు ఒకరి ముఖం ఒకరు చూడకుండా కూర్చుంటారు. సాయం నిజంగా కావలసింది అప్పుడు. ఈ అధ్యాయం ఆ మూడో నెల గురించే.

ముందుగా లెక్క చూద్దాం. రోగం అనగానే మనకు గుర్తొచ్చేది ఆసుపత్రి బిల్లు. ఊరంతా చందాలు వేసేది దానికే. కాని తెల్లరేషన్ కార్డున్న కుటుంబానికి ఆ బిల్లులో చాలా భాగం సర్కారు కట్టే ఏర్పాటు 2007లో ఆరోగ్యశ్రీ వచ్చిన నాటి నుంచీ ఉంది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా దాని కింద వైద్యం చేయించుకోవచ్చు. సర్కారు కట్టనిది వేరే ఉంది.

మర్పల్లి మండలంలో ఒక జంట అనుకుందాం. రెండెకరాల్లో పత్తి, మధ్యమధ్య కంది సాళ్లు. చేను పని లేనప్పుడు ఆయన తాండూరు వైపు నాపరాతి బండల పనికి పోతాడు, ఆమె ఊళ్లోనే కూలికి పోతుంది. ఆయనకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్ కావాలన్నారు. డయాలసిస్‌కు పైసా ఖర్చు లేదు, సరే. ఆయన నెలకు ఇరవై రోజులు రోజుకు ఆరు వందల చొప్పున తెచ్చేది ఆగిపోయింది. అది 12,000. ఆయన వెంట వారానికి మూడు రోజులు ఆమె పోవాలి. ఆమె కూలి నాలుగు వందలనుకున్నా నెలకు దాదాపు 5,000 పోయింది. ఆటోలు, హోటల్ టిఫిన్లు, ప్యాకేజీలోకి రాని మందులు వేరు. అంటే బిల్లు సున్నా అయిన చోట కూడా ఇంటికి నెలకు 17,000 పైచిలుకు గండి పడింది. ఇలాంటి రోజుకూలీ ఇంటికి ఆ గండిని మొత్తం పూడ్చే పథకం లేదు. చుట్టాలూ ఇరుగుపొరుగూ చూడవలసింది దాన్ని. బిల్లు కట్టించడానికి కాగితాలు నడిపించండి, మీ చేతిలోని పైసలూ మీ ఒంట్లోని కష్టమూ మాత్రం ఇల్లు నడవడానికి వాడండి. నేను చెప్పదలచింది ఇంతే. మిగతాదంతా దీని వివరం.

కాగితాలు పట్టుకునే మనిషి

ఊళ్లో డిగ్రీ చదివిన పిల్లలు ప్రతి వాడలోనూ ఉన్నారు. ఫోన్లో రోజంతా ఉండే ఆ పిల్లల్లో ఒకరిని ఆ ఇంటికి కాగితాల మనిషిగా పెట్టండి. ఆలుమగలిద్దరికీ ఆ పని చేసే మనసు ఆ రోజుల్లో ఉండదు. ఒకరు మంచంలో ఉంటారు, ఇంకొకరు మంచం పక్కన ఉంటారు.

ఒక ప్లాస్టిక్ ఫైలు కొని అందులో ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, మొదటి నుంచీ రాసిన ప్రిస్క్రిప్షన్లు, రిపోర్టులు, బిల్లులు తేదీల వరసలో పెట్టించాలి. మెడికల్ షాపు చీటీ కూడా పారేయొద్దు. తర్వాత చూడవలసింది పేర్లు. ఆధార్‌లో ఒక రకంగా, రేషన్ కార్డులో ఇంకో రకంగా, బ్యాంకులో పుట్టింటి ఇంటిపేరుతో ఉండడం మన ఆడవాళ్ల విషయంలో మామూలే. మామూలు రోజుల్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆసుపత్రి కౌంటర్ ముందు నిలబడ్డప్పుడే అది గోడలా అడ్డం వస్తుంది. కొత్త కోడలి పేరు రేషన్ కార్డులో ఎక్కించకపోవడం మరీ ఎక్కువ. పెళ్లయి నాలుగేళ్లయినా ఆమె ఏ కార్డులోనూ లేని ఇళ్లున్నాయి.

ప్రైవేటు ఆసుపత్రికి పోతే అడ్వాన్సు కట్టకముందే ఆరోగ్యమిత్ర ఎక్కడ కూర్చుంటారో అడగాలి. ఈ జబ్బుకు ఈ ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ ఉందా లేదా అన్నది ఆ మనిషి చెప్పాలి. అన్ని ఆసుపత్రులూ అన్ని జబ్బులకూ జాబితాలో ఉండవు. నిన్న గుండెకు చేసిన చోట ఇవాళ మోకాలికి చేయకపోవచ్చు. 104కు ఫోన్ చేసి అడిగినా చెబుతారు. ప్రాణం మీదకు వచ్చినప్పుడు ఫోన్ ద్వారా అనుమతి తీసుకుని వైద్యం మొదలుపెట్టే ఏర్పాటు కూడా ఉంది. ఆరోగ్యశ్రీ ప్యాకేజీలో రోగి భోజనం, తిరుగు ప్రయాణం ఖర్చు కూడా కలిసే ఉంటాయని చాలామందికి తెలియదు. అడగని వాళ్లకు అది అందకుండానే పోతుంది.

ఆరోగ్యశ్రీ వర్తించక చేతి నుంచి కట్టినవాళ్లకు ముఖ్యమంత్రి సహాయనిధి ఉంది. అందులో రెండు దారులు. వైద్యం అయ్యాక బిల్లులు పెట్టి కొంత సొమ్ము తిరిగి పొందడం ఒకటి. నిమ్స్ లాంటి సర్కారు ఆసుపత్రిలో వైద్యం మొదలుకాకముందే ఖర్చు అంచనా తీసుకుని ఎల్‌ఓసీ, అంటే సర్కారు కడుతుందన్న హామీ లేఖ, తెచ్చుకోవడం రెండోది. ఎమ్మెల్యే సిఫారసు లేఖ కావాలి, బిల్లులు ఒరిజినల్ కావాలి. ఎవరో నాయకుడి వెంట తిరిగే మనిషి "నాకియ్యి, నేను చూసుకుంట" అంటే ఒరిజినల్ బిల్లులు ఇచ్చి ఇంటికొచ్చేయడం మన దగ్గర అలవాటు. ఇచ్చే ముందు ప్రతి కాగితాన్నీ ఫొటో తీసి పెట్టుకోవాలి. చెక్కు మీద పేరు బ్యాంకు ఖాతాలోని పేరుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. కమీషన్ అడిగేవాడికి కమీషన్ ఇవ్వకండి. ఇది ధర్మపన్నాలు చెప్పడం కాదు, ఆ సొమ్ములో వాటా ఇచ్చే స్థితిలో ఆ ఇల్లు లేదు కాబట్టి చెబుతున్నాను.

తాండూరు సిమెంటు ఫ్యాక్టరీల్లోనో, పాలిష్ యూనిట్లలోనో పనిచేసేవాళ్లయితే మొట్టమొదట అడగవలసింది జీతంలోంచి ఈఎస్ఐ పట్టుకుంటున్నారా అని. నెలకు 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకు అది వర్తిస్తుంది. ఈఎస్ఐలో వైద్యమే కాదు, పనికి పోలేని రోజులకు జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. టీబీ, క్యాన్సర్ లాంటి 34 దీర్ఘరోగాలకు, తగినంత కాలం చందా కట్టి ఉంటే, 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా కూడా దొరుకుతుంది. ఇందాక నేను చెప్పిన గండిని నేరుగా పూడ్చే ఏర్పాటు ఇది. కాని పాలిష్ యూనిట్లలో రోజుకూలీగా పనిచేసేవాళ్లలో దీని పేరు కూడా విననివాళ్లున్నారు. కార్డు చేయించకుండా పని చేయించుకునే యజమానులను గట్టిగా అడగవలసిన బాధ్యత ఊరి పెద్దలది.

టీబీ సంగతి మన వికారాబాద్ జిల్లాకు కొత్త కాదు. అనంతగిరి గుట్టల మీద నిజాం కాలంలోనే క్షయ రోగులకు శానటోరియం పెట్టారు. గాలి మంచిదని హైదరాబాద్ నుంచి రోగులు ఇక్కడికి వచ్చేవాళ్లు. ఇప్పుడు గాలి కోసం గుట్ట ఎక్కాల్సిన పని లేదు, మామూలు టీబీ ఆరు నెలల మందులతో నయమవుతుంది. మందులు ఉచితం. సర్కారు టీబీ పోర్టల్ నిక్షయ్‌లో పేరు నమోదైన రోగికి పోషకాహారం కోసం నెలకు 500 ఇచ్చేవాళ్లు. 2024 నవంబర్ నుంచి దాన్ని 1,000 చేశారు. బండల దుమ్ము పీల్చే పని చేసినవాళ్ల ఊపిరితిత్తులకు టీబీ ముప్పు ఎక్కువ కాబట్టి తాండూరు వైపు దగ్గు వారాల తరబడి తగ్గకపోతే తెమడ పరీక్ష ఆలస్యం చేయొద్దు. భార్యకు గానీ భర్తకు గానీ టీబీ వస్తే రెండోవారికీ పిల్లలకూ పరీక్ష చేయించాలి. గిన్నెలు వేరు పెట్టడం, మనిషిని పశువుల కొట్టం పక్క గదిలోకి తోయడం మాత్రం మానేయాలి. సరైన మందులు మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే అంటుకునే గుణం బాగా తగ్గిపోతుంది. మీరు నిక్షయ్ మిత్రగా పేరు రాయించుకుని ఆ రోగికి ఆరు నెలలు పప్పు, నూనె, గుడ్లు, పల్లీలు ఇవ్వవచ్చు. తాండూరు కందిపప్పుకు 2022లో జీఐ గుర్తింపు వచ్చిందని గొప్పగా చెప్పుకుంటాం. ఆ పప్పులో నెలకు రెండు కిలోలు టీబీ రోగి ఇంటికి పంపితే ఆ గొప్పకు ఇంకో అర్థం వస్తుంది.

పింఛన్ల విషయంలో కూడా కదిలించేవాళ్లు కావాలి. పక్షవాతంతో కాలూ చెయ్యీ పడిపోయినవాళ్లకు వైకల్యం 40 శాతం పైన ఉందని ధ్రువపత్రం వస్తే దివ్యాంగుల పింఛను 4,016. డయాలసిస్ రోగులకు 2,016. మంజూరుకు ఆలస్యం కావచ్చు, అందుకే దరఖాస్తు మొదటి నెలలోనే పడాలి.

మిత్తి

రోగం కంటే ముందు ఇంటిని తినేది మిత్తి. మన దగ్గర నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయలు అంటాం. నెల లెక్క కాబట్టి చిన్నదిగా వినబడుతుంది. లక్షకు మూడు రూపాయల మిత్తి అంటే నెలకు 3,000, ఏడాదికి 36,000. అదే బంగారం బ్యాంకులో పెట్టి తెస్తే ఏడాదికి సుమారు తొమ్మిది, పది వేలలో పోతుంది. ఇంత తేడా ఉన్నా రాత్రిపూట అంబులెన్స్ ఎక్కేటప్పుడు చేతికి అందేది మూడు రూపాయల అప్పే. బ్యాంకు పదింటికి గానీ తెరవదు, షావుకారు తలుపు అర్ధరాత్రి కూడా తెరుస్తాడు. ఇక్కడే చుట్టాల చేబదులు విలువ. పది రోజులకు మిత్తి లేకుండా ముప్పై వేలు సర్దితే, ఆ పది రోజుల్లో బ్యాంకు పని చేసుకుని తిరిగిస్తారు. ఊరికే ఇచ్చిన ఐదు వేల కంటే అది ఎక్కువ మేలు చేస్తుంది. ఇచ్చేటప్పుడు తారీఖు కూడా నోటితో చెప్పండి. మొహమాటంతో ఊరుకుంటే తర్వాత చుట్టరికం చెడుతుంది.

ఆమె మహిళా సంఘంలో సభ్యురాలైతే తోటి సభ్యులు మొదటి సమావేశంలోనే ఆ ఇంటి సంగతి ఎజెండాలో పెట్టాలి. కిస్తీ రెండు నెలలు వెనక్కి జరపడానికి వీలుందా, పొదుపులోంచి తీయవచ్చా, స్త్రీనిధి నుంచి అప్పు వస్తుందా అన్నది గ్రామ సంఘం లెక్కలు చూసే వీవోఏతో కూర్చుని తేల్చాలి. అందరూ కలిసి ఆమె కిస్తీ ఒక నెల కట్టినా సంఘం పరువు నిలబడుతుంది. వారం వారం కిస్తీ వసూలు చేసే ప్రైవేటు అప్పుల జోలికి మాత్రం పోనీయకండి. 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్లు తట్టుకోలేక ఆత్మహత్యలు జరిగి, అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఏకంగా చట్టం తేవలసి వచ్చింది. ఆ వసూళ్లలో నలిగిపోయిన ఇళ్లలో రోగంతో అప్పు చేసినవీ ఉన్నాయి.

భూమి విషయం ఒక్క మాటలో చెబుతాను. ఎవరైనా ఆసుపత్రి మంచం మీద ఉన్న నెలలో భూమి అమ్మొద్దు. అవసరం తెలిసి బేరం చేసేవాడు సగం ధర అడుగుతాడు. ఆపరేషన్ అంటే ముందు ఇంకో డాక్టర్‌కు, వీలైతే సర్కారు ఆసుపత్రిలో, రిపోర్టులు చూపించండి. రెండు రోజుల ఆలస్యంతో ఎకరం మిగిలిన ఇళ్లున్నాయి. అలాగే ఎవరో ఏదో చేయించారని, బాణామతి అని చెప్పి తాయెత్తులు కట్టేవాళ్ల దగ్గరికి కోళ్లతో, కొబ్బరికాయలతో తీసుకుపోయే చుట్టాన్ని ఇంటి బయటే ఆపండి. పోయే డబ్బు సంగతి పక్కన పెట్టినా, చికిత్స మొదలుకావలసిన వారాలు పోతాయి.

ఇద్దరినీ చూడాలి

రోగి ఒక్కరే అనుకోవడం మనం చేసే పెద్ద పొరపాటు. ఆ ఇంట్లో ఇద్దరున్నారు. ఒకరికి జబ్బు, ఇంకొకరికి నిద్ర లేదు. పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషీ మంచం వైపు తిరిగి మాట్లాడతాడు. మంచం పక్కన చాయ్ గ్లాసులు అందిస్తున్న మనిషి తిన్నదా, తిన్నాడా అని అడిగేవాళ్లు తక్కువ.

భర్త పడిపోతే భార్య ఏం చేస్తుందో అందరికీ తెలుసు. మొదట ఆమె మెడలోని గుండ్లు, చెవుల కమ్మలు పోతాయి. తర్వాత ఆమె తిండి తగ్గుతుంది. భార్యకు జబ్బయితే కథ వేరుగా నడుస్తుంది. నొప్పి ఉందని ఆమె చెప్పడమే ఆలస్యంగా చెబుతుంది. పత్తి తీత అయిపోనీ, బిడ్డ పెండ్లి అయిపోనీ అంటుంది. చివరికి ఆసుపత్రికి పోతే కొన్ని ఇళ్లలో ఆమెను పుట్టింటికి పంపిస్తారు. "మీ బిడ్డను మీరే చూసుకోండి" అనే మాట నేరుగా అనరు, నడత మాత్రం అదే చెబుతుంది. ఇటువంటప్పుడు ఊరి పెద్దలు మొగడితో మాట్లాడాలి, తిట్టకుండా, పని చెబుతూ. వండడం రాని మగవాడికి రెండు రోజుల్లో అన్నం, పప్పు నేర్పించవచ్చు. బావా, అక్క బట్టలు నువ్వే ఉతుకు, తప్పేముంది అని నవ్వుతూ అనగలిగే మరదలు ఉంటే ఉపన్యాసం కంటే బాగా పనిచేస్తుంది. చాలామంది మొగవాళ్లు కావాలనే చేయరు అనుకోవద్దు. ఎలా చేయాలో తెలియక, నలుగురు నవ్వుతారేమోనని చేయరు. నవ్వేవాళ్ల నోరు మూయించడం కూడా సాయమే.

చూసుకునే మనిషికి వారానికి ఒక పూట సెలవు ఇప్పించండి. బుధవారం మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా మీరు మంచం దగ్గర కూర్చుంటామని చెప్పండి. ఆ పూట ఆమె పడుకోవచ్చు, తల స్నానం చేయవచ్చు, చేను చూసి రావచ్చు. కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు మీద, పిరుదుల మీద పుండ్లు పడతాయి. రాత్రంతా అలా లేచి లేచి తిప్పే మనిషికి ఒక రాత్రి నిద్ర ఇప్పించడం ఎంత పెద్ద సాయమో చేసినవాళ్లకు తెలుస్తుంది.

ఈ చోట ఒక జంట గురించి చెప్పాలి. వాళ్లది ఈ జిల్లా కాదు, వరంగల్ జిల్లా దుగ్గొండి. మొగిలయ్య, కొమురమ్మ. బుడగజంగాల కళాకారులు. ఊరూరా తిరిగి కథలు చెప్పి బతికినవాళ్లు. 2023 మార్చిలో విడుదలైన ‘బలగం’ సినిమా చివర ఆ ఇద్దరూ పాడిన పాటకు ఊళ్లలో తెరలు కట్టి చూసినవాళ్లందరూ ఏడ్చారు. కుటుంబం చెదిరిపోకూడదని పాడిన ఆ మనిషికి అప్పటికే రెండు కిడ్నీలూ పాడయ్యాయి, డయాలసిస్ మీద ఉన్నాడు. సినిమా పేరు వల్ల సంగతి బయటికి వచ్చింది, దాతలు వచ్చారు, ప్రభుత్వం ఆయన్ని నిమ్స్‌కు తెచ్చి వైద్యం చేయించింది. 2024 డిసెంబర్ 19న ఆయన చనిపోయాడు. సినిమా విడుదలకూ చావుకూ మధ్య 21 నెలలు. ఆ నెలల్లో పత్రికలు రాసిన రోజులు కొన్ని, డయాలసిస్ యంత్రం పక్కన గడిచిన రోజులు ఎన్నో. వారానికి రెండుసార్లు అనుకుంటే ఏడాదికి 104 సార్లు, మూడుసార్లయితే 156 సార్లు పోయి రావాలి. అన్నిసార్లూ ఇంకో మనిషి వెంట ఉండాలి. రాష్ట్రమంతా గుర్తుపట్టిన జంట పరిస్థితే అది. పేరు లేని జంట వెంట 156 సార్లలో పదిసార్లు మీరు పోతే ఆమెకు పది రోజుల కూలి మిగులుతుంది.

పంచుకోవడం

"ఏమన్నా కావాలంటే చెప్పు" అనే మాట దయతో అన్నదే అయినా దానివల్ల ఒరిగేది తక్కువ. అడగడానికి మొహం చెల్లదు. అందుకని మీరు చేయగలిగింది మీరే చెప్పండి. "వదినా, మంగళవారం మంగళవారం మీ ఇంటికి కూర నేను పంపుత, నువ్వు అన్నం ఒక్కటి వండుకో." ఇలా చెబితే ఆమెకు కాదనడం కష్టం, ఒప్పుకోవడం తేలిక. ఐదిళ్లవాళ్లు ఐదు రోజులు పంచుకుంటే ఎవరికీ బరువు కాదు. వాట్సాప్ గ్రూపు పెడితే పెట్టండి, అందులో ఆ దంపతులను చేర్చకండి. తమ కోసం ఎవరు ఏం చేస్తున్నారో రోజూ చదవవలసి రావడం వాళ్లకు చిన్నతనంగా ఉంటుంది.

చేను పని పంచుకోవడం మనకు కొత్త కాదు. ఒకరికొకరు బదులు పోవడం పాత అలవాటే. ఈ ఏడాది వాళ్లు బదులు రాలేరు, అంతే తేడా. పత్తి తీత అక్టోబర్‌లో మొదలై జనవరి దాకా సాగుతుంది. తీయడం ఆలస్యమైతే వానకు తడిసి రంగు మారుతుంది, ధర పడుతుంది. పది మంది ఒక ఆదివారం పొద్దున దిగితే రెండెకరాల్లో ఒక తీత అయిపోతుంది. కంది కోత, కొట్టుడు కూడా అంతే. తాండూరు మార్కెట్‌కు మీ ట్రాలీ పోతుంటే వాళ్ల బస్తాలు కూడా వేసుకోండి, తక్‌పట్టీ (అమ్మకం చీటీ) వాళ్ల పేరు మీదే రాయించండి.

ప్రయాణాల్లో చిన్న చిన్న లెక్కలున్నాయి. 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. భర్త రోగి అయితే బస్సులో ఒక్క టికెట్టే. రైల్లో ఆ సౌకర్యం లేదు గాని, క్యాన్సర్, డయాలసిస్, టీబీ రోగులకూ వెంట వచ్చే మనిషికీ రెండో తరగతి ఛార్జీలో 75 శాతం రాయితీ ఉంది. డాక్టర్ సంతకంతో నిర్ణీత ఫారం కావాలి. మర్పల్లి స్టేషన్ వికారాబాద్–బీదర్ లైను మీద ఉంది, హైదరాబాద్‌లో నాంపల్లి దిగితే ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉన్న రెడ్‌హిల్స్ పక్కనే. రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు సాగుతుంది, రోజూ ఊరి నుంచి పోయి రావడం రోగి వల్ల కాదు. లింగంపల్లిలోనో, బోరబండలోనో ఉన్న మన ఊరి వాళ్లు ఒక గది సర్దగలిగితే లాడ్జి ఖర్చు మొత్తం తప్పుతుంది. నగరానికి వలసపోయినవాళ్లు ఊరికి ఏం చేయాలా అని అడుగుతుంటారు. ఇదిగో, ఇది చేయండి.

పిల్లల సంగతి అందరికంటే ఆలస్యంగా గుర్తొస్తుంది. ఇంట్లో రోగం వస్తే పెద్దకొడుకు బండల పనికి పోతాడు, ఆడపిల్ల వంటింట్లో చేరుతుంది. ఊరి బడి టీచర్‌కు విషయం ముందే చెప్పండి. ఐదో తరగతి దాటిన ఆడపిల్లయితే కస్తూర్బా విద్యాలయంలో, గురుకులంలో సీటుకు ప్రయత్నించవచ్చు. పిల్ల హాస్టల్‌కు పోతే ఇంట్లో సాయం తగ్గుతుందని తల్లి వెనుకాడుతుంది. ఆ సాయం మనం చేస్తేనే ఆ పిల్లను పంపగలుగుతుంది.

చందాలు వసూలు చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. ముక్కులో పైపుతో ఉన్న ఫొటో ఆ ఇద్దరినీ అడగకుండా గ్రూపుల్లో పెట్టొద్దు. రోగం తగ్గాక కూడా ఆ ఫొటో తిరుగుతూనే ఉంటుంది, వాళ్ల బిడ్డ పెళ్లి సంబంధం దాకా. డబ్బు ఎవరి ఖాతాలోకో వద్దు, ఆ దంపతుల్లో ఒకరి ఖాతాలోకే పోవాలి. ఇక చెక్కు ఇస్తూ నలుగురు నిలబడి తీసుకునే ఫొటో గురించి ఏం చెప్పను, అది మానలేకపోతే కనీసం మంచం పట్టిన మనిషిని లేపి కూర్చోబెట్టకండి.

మాటల విషయానికి వస్తే తక్కువ మాట్లాడడమే మేలు. "మా బావమర్దికి కూడ ఇదే జబ్బు వచ్చె, ఆర్నెల్లు కూడ ఉండలే" అనే మనిషి ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు. ఆయన్ని పక్కకు తీసుకుపోయి చాయ్ తాగించండి. ఏ పాపం చేశారో అనే మాట ఆ ఇంటి గడపలో వినబడకూడదు. జబ్బు పేరు రోగికి చెప్పాలా వద్దా అని దాచిపెట్టే నాటకం చాలా ఇళ్లలో నడుస్తుంది. మొగడికి తెలుసు, పెళ్లానికి తెలుసు, ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు దాస్తారు. బయటివాళ్లం మనం దాన్ని బద్దలు కొట్టకూడదు. కాని ఇద్దరిలో ఒకరు అడిగితే అబద్ధం చెప్పకండి, డాక్టర్ దగ్గర ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టే ఏర్పాటు చేయండి.

నయం కాదని తేలినప్పుడు

కొన్ని జబ్బులు నయం కావు. అది తేలాక కూడా అప్పు తెచ్చి ఇంకో ఆసుపత్రి, ఇంకో ఆసుపత్రి అని తిప్పడం ప్రేమగానే కనబడుతుంది. మిగిలే మనిషికి అది పదేళ్ల అప్పు. "తీసుకుపోకపోతే లోకం ఏమనుకుంటది" అనే భయమే చాలాసార్లు ఆ అంబులెన్స్‌ను నడుపుతుంది. ఆ లోకం మనమే కాబట్టి ఆ మాట అనకుండా ఉండడం మన చేతిలో ఉంది. నొప్పి తగ్గించి, ఊపిరాడేలా చూసి, మనిషిని ఇంట్లోనే ప్రశాంతంగా ఉంచే వైద్యం కూడా వైద్యమే. దాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. ఎంఎన్‌జేలో అది ఉంది, జిల్లాల్లోనూ సర్కారు కేంద్రాలు పెట్టింది, ‘ఆలన’ పేరుతో ఇంటికి వచ్చే బృందాలున్నాయి. ఆశా కార్యకర్తను గానీ పీహెచ్‌సీ డాక్టర్‌ను గానీ అడిగితే దారి చెబుతారు. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ మాత్రలు డాక్టర్ చెప్పిన మోతాదులో వాడితే అలవాటు పడిపోతారనే భయం అక్కర్లేదు.

అడగడానికి నోరు రాని సంగతి ఒకటుంది. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు రైతు చనిపోతే నామినీకి 5 లక్షలు వచ్చే రైతుబీమా 2018 నుంచి ఉంది. బ్యాంకు ఖాతాలోంచి ఏడాదికి 436 రూపాయలు కోసుకునే జీవనజ్యోతి బీమా ఉంటే ఇంకో 2 లక్షలు. నామినీగా ఎవరి పేరుంది, ఎప్పుడో పోయిన తల్లి పేరే ఇంకా ఉందా, ఆధార్ సరిగ్గా ఉందా అన్నది ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గర, బ్యాంకులో చూసుకోవాలి. రోగం వచ్చాక ఈ మాట ఎత్తితే చావు కోరుతున్నట్టు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎత్తితే మామూలు కాగితం పని.

అందుకే ఈ అధ్యాయం చదివినవాళ్లు పక్కింటి కంటే ముందు తమ ఇంటి పెట్టె తీయాలి. మీ రేషన్ కార్డులో ఇంటిల్లిపాది పేర్లున్నాయా, ఆధార్‌లోనూ పాసుపుస్తకంలోనూ అవే అక్షరాలున్నాయా, రైతుబీమాలో నామినీ ఎవరు, మీ ఆలుమగలిద్దరికీ ఆ కాగితాలు ఎక్కడున్నాయో తెలుసా. ఈ వారంలోనే చూసుకోండి. తప్పుంటే మీసేవలోనో, బ్యాంకులోనో, ఏఈవో దగ్గరో దిద్దించుకోండి.